మామిడిపల్లిలో మట్టి ఆరబెట్టే పెట్టె

2011లో ఎండలు ముదరకముందు, ఒక మంగళవారం ఉదయం ఏడూ పదికి కందుకూరులో బస్సెక్కాం. నేను అక్కడి బడిలో సైన్సు చెబుతాను. నాతో వచ్చింది మా పెద్దమ్మ అంజమ్మ. నలభై ఏళ్లుగా కుండలు చేస్తోంది. ఆమె ఒళ్లో, తువ్వాలులో చుట్టిన పగిలిన కుండ ఉంది.

అది నీళ్లు వడపోసే కుండ. మట్టిలో వరి ఊక కలిపి కాలిస్తే, ఊక కాలిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. నీళ్లు వాటిగుండా దిగుతాయి. బడికి ఇరవై కావాలని నేనే అడిగాను. కాల్చకముందే ఇరవైకి ఇరవై పగిలాయి. "నా చేతులు పోయినయి బిడ్డా" అని పెద్దమ్మ కుమ్మరి సారె ముట్టడం మానేసింది. పది రోజులైంది. మామిడిపల్లి దగ్గర కొత్త రకం పింగాణీ తయారుచేసే ప్రయోగశాల ఉందని విని, ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకున్నాను.

పహాడీషరీఫ్‌లో దిగి ఇడ్లీ తిన్నాం. ఎనిమిదిన్నరకు ఆటో దొరికింది.

"ఎయిర్‌పోర్టుకా అమ్మా? ఏ దేశం పోతున్నవ్?" అన్నాడు డ్రైవరు.

"మామిడిపల్లికే. మట్టి సూడనీకి."

"కందుకూరుల మట్టి లేదా?"

"ఉన్నది. మాట ఇంటలేదు."

అతను మనిషికి ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

తొమ్మిదికి గేటు తీశారు. కాపలాదారు రిజిస్టరులో "పగిలిన కుండ, ఒకటి" అని రాసుకుని, పోయేటప్పుడు తప్పకుండా చూపించాలన్నాడు.

లోపల సుమతి మేడం అనే శాస్త్రవేత్త మమ్మల్ని తిప్పింది. మాట కాకినాడ వైపుది. ఒక యంత్రం, మురుకుల గొట్టంలో పిండి నొక్కినట్టు, తడి ముద్దను ఉక్కు అచ్చులోంచి నొక్కుతోంది. వందల బెజ్జాలున్న పలకలు బయటికొస్తున్నాయి. బండ్ల పొగను శుభ్రం చేయడానికట. పెద్దమ్మ ఒకదాన్ని వేలితో నొక్కింది. బెజ్జాలు మూసుకుపోయాయి. మేడం దాన్ని పక్కన పెట్టింది. పెద్దమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది.

తర్వాత బీరువాలాంటి పెట్టె చూపించారు. అందులో మైక్రోవేవ్ తరంగాలతో పలక లోపలా బయటా ఒకేసారి ఆరుతుంది.

"గిట్ల ఆరబెడితే పగులయా?"

"ఇప్పుడు తక్కువండీ. మొదటి ఏడాది మేం చేసినవన్నీ పగిలాయి."

"అన్నీనా?"

"అన్నీ."

పెద్దమ్మ తువ్వాలు విప్పింది. మేడం కుండను వెలుతురులో తిప్పి చూసింది. "పని చాలా బాగుందండీ. గోడ మందం, అందుకే పైన ఆరి బిగుసుకుంది, లోపల పచ్చిగా ఉండిపోయింది. ఎన్ని రోజులు ఆరబెట్టారు?"

"మూడు దినాలు. ఎండల."

"ఎందుకంత తొందర?"

పెద్దమ్మ నావైపు చూసింది. "సారు జల్ది కావాలన్నడు. బడికి పెద్ద ఆఫీసరు వస్తడట."

మేడం కూడా నావైపు చూసింది. నేను పెట్టెవైపు చూశాను. పదిహేను రోజులైనా నీడలో, తడి గోనె కప్పి ఆరనివ్వమంది మేడం. ఆ పెట్టె లేనివాళ్లకు అదే దారట.

ఒంటిగంటకు గోడ పక్కన పులిహోర తిన్నాం. నెత్తిమీదుగా విమానాలు దిగుతున్నాయి. నేను తప్పు ఒప్పుకున్నాను. "తిను" అంది పెద్దమ్మ.

మూడింటికి తిరుగు బస్సు. చూడదలచినవాళ్లు ముందుగా ఉత్తరం రాయండి. రెండు గంటలు చాలు. నాకైతే, ఆ రోజు చూసిన అన్నింటిలో గొప్పది "అన్నీ" అన్న మేడం మాటే అనిపించింది. తుక్కుగూడ దాటాక పెద్దమ్మ నా భుజం తట్టింది.

"రేపు పొద్దుగాల ఊక తీస్కరా. ఇగ ఎప్పుడైతయని మాత్రం అడుగకు."

అడగనన్నాను.