ఆపద బండి

పోర్టు రోడ్డు గ్యాసు బంకు దగ్గర ఆటోల వరసలో ఎవరూ ఇంజను వెయ్యరు. ముందు బండి కదిలితే వెనకవాడు దిగి తన బండి తోసుకుంటాడు. వెనక సీట్లో కునుకు తీస్తున్నవాడు ఉంటే వాడి బండినీ లేపకుండా తోసిపెడతాడు. ఆ బంకుకు పైపు లేదు, గ్యాసు లారీలో రావాలి. లారీ సరిగ్గా రావడం మానేసినప్పటి నుంచి వరస టీకొట్టు దాటి చర్చి గోడ దాకా పాకుతోంది.

ఆ వరసకు పెద్ద దేవదానం. వన్ టౌన్‌లో పుట్టి, ఆటో తోలుతూనే జుట్టు నెరిసిన మనిషి. హ్యాండిల్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేసుకోనిదే బండి కదపడు. ‘ఆపద బండి’ పద్ధతి పెట్టింది ఆయనే. ఇంట్లో రోగి ఉన్నాడని ఎవడైనా చెబితే చాలు, అందరూ కలిసి వాడి బండిని ముందుకు తోస్తారు. రుజువు అడగరు. ఆపదలో ఉన్నవాణ్ని రుజువడగడం పాపమని దేవదానం మాట.

అలాగే ఒకనాడు అర్జునరావనే డ్రైవరు తన తల్లికి గుండెనొప్పని వస్తే దారిచ్చారు. సాయంత్రానికి వాడు పెళ్ళివాళ్ళను ఎక్కించుకుని సబ్బవరం వైపు పాటలు పెట్టుకుని పోతూ కనబడ్డాడు. ఆ రోజు వరసలో వాడి వెనకున్న చలమయ్య గ్యాసు అందక బండి ఇంటికి నెట్టుకుంటూ పోయాడు. దేవదానం సిగ్గుతో చితికిపోయాడు. మర్నాడు టీకొట్టు దగ్గర అందరి ముందూ నిలబడి అన్నాడు: “తప్పు నాదే. ఇకనించి ఆపద బండి లేదు. రేపు నా ఇంట్లోవోళ్ళకైనా ఇవ్వకండి.”

ఆయన భార్య రోజలిన్‌కు కిడ్నీలు పాడై చాలాకాలమైంది. పెద్దాసుపత్రిలో మిషను మీద రక్తం కడిగించుకుంటేనే ఊపిరి ఆడుతుంది. కిందటి వంతు గ్యాసు లేక తప్పిపోయింది. ఈసారి తప్పితే ప్రాణం మీదికి వస్తుందని నర్సు ఆశాజ్యోతి ఫోన్ చేసి మరీ చెప్పింది. అందుకే ఆ పొద్దున దేవదానం రోజలిన్‌ను వెనక సీట్లో పడుకోబెట్టుకునే వరసలోకి వచ్చాడు. ఆమె కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. లారీ బయల్దేరిందని బంకు మేనేజరు మోహనకృష్ణ చెప్పాడు.

వరసలో ముందున్న జగ్గారావు ఆమెను చూసి, ముందుకు తోద్దాం పట్టండ్రా అన్నాడు. కొందరు లేచారు. చలమయ్య లేవలేదు.

“నాను కాదనట్లేదు బావా,” అన్నాడు దేవదానంతో. “నీ ఇంట్లోవోళ్ళకైనా వద్దన్నావు. ఆ మాట నీదా, కాదా?”

దేవదానం నాదే అన్నాడు. లేచినవాళ్ళు కూర్చున్నారు. రోజలిన్ లోపల్నుంచి భర్త చొక్కా అంచు పట్టుకుని, అడగొద్దులే, లారీ వచ్చేత్తాది కదా అంది.

లారీ వచ్చింది. వరసంతా లేచి నిలబడింది. లారీ బంకు ముందు వేగమైనా తగ్గించకుండా ఫ్యాక్టరీల వైపు వెళ్ళిపోయింది. అందరూ మోహనకృష్ణ మీద పడ్డారు. పైనుంచి అప్పుడే ఫోనొచ్చిందట, గాజు సీసాల కంపెనీకి పంపేశారట. రోజలిన్‌కు గొంతు తడుపుకోవడానికి తన సీసాలోంచి నీళ్ళు పోసిస్తూనే మోహనకృష్ణ అన్నాడు:

“ఆళ్ళ కొలిమి సల్లారితే పగిలిపోద్దంట. మీ బండ్లు ఆగితే ఏటి పగుల్తాది?”

వరసలో ఏ బండిలోనూ ఆసుపత్రి దాకా పోయేంత గ్యాసు లేదు. దేవదానం హ్యాండిల్ పట్టుకుని తొయ్యడం మొదలుపెట్టాడు. వెనక నుంచి మొదట చెయ్యి వేసింది చలమయ్యే. తరవాత జగ్గారావు, ఇంకో నలుగురు. ఆసుపత్రి ఎత్తు ఎక్కేటప్పుడు చలమయ్య తలపాగా విప్పి, రోజలిన్ మొహాన ఎండ పడకుండా పక్కన కట్టాడు.

వాళ్ళు చేరేసరికి మిషను వేరొకరికి ఇచ్చేశారు. ఆశాజ్యోతి తన కుర్చీ తెచ్చి వేసింది. డాక్టరు చుట్టూ తిరిగి, రేపు తెల్లవారగానే మొదటి వంతు రోజలిన్‌దేనని రాయించింది.

తెల్లవారే లోపల రోజలిన్ పోయింది.

ఆ రోజు పొద్దున్నే బంకుకు లారీ వచ్చింది. చలమయ్య వెళ్ళి ఆసుపత్రి గేటు దగ్గరున్న దేవదానం ఆటోను ఎత్తు మీంచి దించుకొచ్చాడు. చర్చి గోడ నుంచి బంకు దాకా వరస పక్కకు జరిగి దారిచ్చింది. అర్జునరావు కూడా దిగి ఒక చెయ్యి వేశాడు. రుజువు ఎవరూ అడగలేదు. ట్యాంకు నిండా కొట్టించి, బండిని దేవదానం ఇంటి ముందు పెట్టారు, సమాధుల తోటకు చుట్టాలను తీసుకెళ్ళాలి కదా అని.

దేవదానం వచ్చి సీట్లో కూర్చున్నాడు. అలవాటుగా హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. కళ్ళు మూసుకున్నాడు గాని, దేవుణ్ని అడగడానికి ఏమీ తోచలేదు. కాసేపటికి చెయ్యి తీసి, ఇంజను వేశాడు.