చేతులు లేని బొమ్మ

కుందారపల్లి దగ్గరి ఒక పల్లె బడిలో పిల్లలకు అన్నం వండే ఆదిలక్ష్మమ్మకు సంతకం చేయాలంటే రెండు నిమిషాలు పడుతుంది. నోటితో పనైతే అంతసేపు పట్టదు. ఇరవై ఏళ్ళలో ఆమె సాంబారుకు వంక పెట్టే ధైర్యం ఏ హెడ్మాస్టరుకూ కలగలేదు.

అలాంటి నోరు సోమవారం నుంచి పెగలడం లేదు.

లెక్కల టీచరు ప్రతిభ హోసూరు నుంచి ఒక ప్లాస్టర్ బొమ్మ తెచ్చింది. ఎప్పుడో గ్రీసు దేశంలో చెక్కిన ఆడమనిషి విగ్రహానికి నకలట. నడుము ఒక పక్కకు, భుజాలు ఇంకో పక్కకు వాలి ఉంటాయి. పిల్లలు దానికి దారాలు కట్టి కోణాలు కొలిచేవాళ్ళు. చేతులు మాత్రం రెండూ లేవు. అదే ఆదిలక్ష్మమ్మకు గుచ్చుకుంది. విరిగి భిన్నమైన విగ్రహాన్ని ఇంట్లోనే ఉంచుకోరు, పిల్లలు చదివే చోట పెడతారా? శనివారం గిన్నెలు కడిగాక వంటగదిలో మేకుకు వేలాడే తాళంచెవితో బొమ్మ ఉన్న తరగతి గది తెరిచి, బొమ్మకు పసుపు కుంకుమ పెట్టి, మర్యాదగానే చెరువులో విడిచి వచ్చింది. మంచి పని చేశాననే అనుకుంది.

ఆ గదికి ఇంకో తాళంచెవి తొమ్మిదో తరగతి లీడరు రక్షిత దగ్గర ఉంటుంది. సోమవారం బొమ్మ కనిపించకపోయేసరికి నింద ఆ పిల్ల మీద పడింది.

"పగలగొట్టి యాడ దాచినావో చెప్పు!" అని హెడ్మాస్టరు లీడరు బ్యాడ్జీ పీకేశాడు.

ఆ మధ్యాహ్నం ఆదిలక్ష్మమ్మ రక్షిత పళ్ళెంలో రెండు గుడ్లు వేసింది.

"వద్దవ్వా. ఆకలి లేదు."

బొమ్మను తీసింది తానేనని చెబుదామనుకుంది ఆదిలక్ష్మమ్మ. వంటమనిషి దొంగతనం చేసిందని ఊరంతా అనుకుంటుందేమోనని ఊరుకుంది. మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే.

గురువారం ప్రతిభ క్లాసు మధ్యలో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"టీచరమ్మా, ఆ పిల్లను ఏమీ అనొద్దు. నేనే ఎత్తుకపోయి చెరువులో వేసినాను. చేతులిరిగిన బొమ్మ ఈడుంటే పిల్లోళ్ళకు కీడని."

పిల్లలు గొల్లున నవ్వారు. ప్రతిభ నవ్వలేదు.

"మనం విరగ్గొట్టింది కాదమ్మా అది. అసలుదానికే చేతులు దొరకలేదు. భుజం వాలు చూసి, చెయ్యి ఏ కోణంలో ఉండిందో పిల్లోళ్ళు కనుక్కుంటా ఉండిరి. నన్నొక మాట అడిగింటే బాగుండె కదా."

ఇరవై ఏళ్ళుగా ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి తల వంచుకుంది. రక్షిత వైపు తిరిగి, "రా అమ్మీ, హెడ్మాస్టరు కాడికి పోదాము. ఆయప్పకూ చెప్తాను," అంది.

రక్షిత బెంచీ మీద నుంచి లేవలేదు.

"మూడు దినాలు చూస్తానే ఉండినావు కదవ్వా," అంది.

ఆదిలక్ష్మమ్మ ఒక్కతే హెడ్మాస్టరు గదికి నడిచింది.