పైన్ కట్టెలో పురుగు

గృహప్రవేశం హోమానికని స్టోర్‌లో కొన్న పైన్ కట్టెల్లో సగం మిగిలాయి. హోమానికి తెచ్చినవి చెత్తలో వేయకూడదని మా ఆయన పట్టుబట్టి, బెరడుతో సహా వాటిని గరాజ్‌లో దాచాడు. పైగా పసుపు కూడా పూశాడు! వేసవి వచ్చేసరికి వాటి కింద ముతక పొట్టు రాలింది. పక్కన నిలబడితే లోపల కరకరమని నమలడం వినిపించేది.

నేను అగ్రికల్చర్ బీఎస్సీ చదివినదాన్ని. ఒక కట్టె చీల్చి, పురుగును తెల్ల గిన్నెలో వేసి చూశాను. మీగడ రంగు ఒళ్లు, గోధుమరంగు దవడలు, సగం ఒంట్లోకి దూరిపోయిన తల. కాళ్లు లేవు. పొడుగు మీసాల పెంకుపురుగు పిల్ల. కొట్టేసిన పైన్, చచ్చిపోతున్న పైన్ దీని తిండి. పచ్చగా ఉన్న ఓక్ చెట్టు జోలికి పోదు.

ఓక్ మాట ఎందుకంటే, మా ఆయన పిలిపించిన పెస్ట్ కంట్రోల్ మనిషి వచ్చి, గిన్నెలోకి తొంగి కూడా చూడకుండా, గరాజ్ పక్కనున్న మా ఓక్ చెట్టును చూపించాడు. పురుగు అందులోంచే వచ్చిందట! కొట్టించకపోతే ఇల్లంతా తొలిచేస్తుందట! కమ్మింగ్ ఊళ్లో ఈ ఇల్లు కొనేటప్పుడు నేను నోరు తెరిచి అడిగింది ఆ చెట్టొక్కటే. మిగతావన్నీ ఆయన ఇష్టమే.

"పురుగొచ్చింది మీ పసుపు కట్టెల్లోంచి. ఇదిగో, ఒక్కసారి చూడండి," అన్నాను మా ఆయనతో.

"అబ్బా, వాళ్లు ప్రొఫెషనల్స్. నువ్వు చదివి పదిహేనేళ్లయింది. రిస్క్ తీసుకోలేం," అన్నాడు. ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తితే ఒట్టు.

ఒళ్లు మండిపోయింది. కౌంటీ వ్యవసాయ ఆఫీసుకు ఫొటోలు పంపి, జవాబు వచ్చేదాకా ఆగమన్నాను. "సరే సరే," అన్నాడు. మర్నాడు పాపను స్విమ్మింగ్ నుంచి తీసుకొచ్చేసరికి చెట్టు లేదు. మొద్దంతా చేత్తో తడిమి వెతికాను. తడిగా, గట్టిగా ఉంది. ఒక్క కన్నం ఉంటే చూపించమనండి!

మూడో రోజు మెయిల్ వచ్చింది. పైన్ కట్టెతో వచ్చిన పురుగేనని, ఓక్ చెట్టుకు దీనితో ప్రమాదం లేదని రాశారు. ఫోన్ తీసుకెళ్లి ఆయన మొహం ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు.

"మరి ముందే కాస్త గట్టిగా చెప్పొచ్చు కదా?" అన్నాడు.

గరాజ్‌లోంచి గిన్నె తెచ్చి, పొట్టుతో సహా, ఇంకా కదులుతున్న పురుగుతో సహా, ఆయన కీబోర్డు మీద బోర్లించాను.

అప్పుడు చూశాడు.