నల్లపెట్టకు తూర్పు వాకిలి

మా రేపల్లె పెరట్లో ముంగిస మా ఆవిడ కోళ్లను విందు భోజనంలా వరసగా ఆరగించింది. మిగిలిన ఒక్క నల్లపెట్టనైనా దక్కించుకోవాలని గూడు కోసం ఇద్దరం తెనాలి వెళ్లాం.

దుకాణంలో ఇనుప జాలీ గూడొకటి ఉంది. అందులో పులిని పెట్టినా ఊరంతా నిశ్చింతగా నిద్రపోవచ్చు. మా ఆవిడ దాన్ని పట్టుకుని వదల్లేదు.

"మన సన్నటి పెరట్లో దీని వాకిలి దక్షిణానికే వస్తుంది. వాస్తు ఒప్పుకోదు" అన్నాను.

"కోడికి వాస్తేంటండీ? గృహప్రవేశం చేసి పాలు పొంగిస్తుందా?"

"ఇంటి హద్దులో ఎవరి గుమ్మానికైనా వాస్తు వాస్తే" అని, తూర్పు వాకిలి కుదిరే చెక్క బద్దల గూడు కొన్నాను. ముహూర్తం చూసి, గుమ్మానికి పసుపు రాసి, మామిడాకులు కట్టి మరీ పెట్టను లోపలికి పంపాను. అంత వైభవం మా పెళ్లికే జరగలేదు.

మర్నాడు పొద్దున చూస్తే బద్దలు ఊడి ఉన్నాయి. తూర్పు వాకిట్లో నల్లటి ఈకలు.  మా ఆవిడ గూట్లో మిగిలిన నూకలు చేటలోకి ఎత్తుతూ కూర్చుంది.

"మళ్లీ ఓ పెట్టను కొందామా?" అన్నాను.

"ఎవరికండీ, ముంగిసకా?" అంది తలెత్తకుండా.