లింగమూర్తి జేబులో స్క్రూలు

ముందు గలగల వినిపించేది. రేకుల మీద తొలి చినుకులు పడ్డట్టు సందు మొదట్లో ఎక్కడో చిన్నగా మొదలై, ఒక్కో గుమ్మం దాటుకుంటూ దగ్గరికి వచ్చేది. ఆ చప్పుడు చెవిన పడగానే గోదావరిఖనిలోని ఆ సందులో ఇస్త్రీపెట్టెలు మంచాల కిందికి జరిగేవి. రేడియోల మీద తువ్వాళ్లు పడేవి. ఆ తరువాత లింగమూర్తి కనిపించేవాడు. బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒంట్లో ఎక్కడా కండ లేదు. ఖాకీ చొక్కా ఎడమ జేబు మాత్రం ఈనిన గేదె పొదుగులా కిందికి వేలాడుతుండేది. దాని నిండా స్క్రూలు.

ఆయనకున్న గుణం ఒక్కటే. బిగించి ఉన్నది కనిపిస్తే విప్పుతాడు. విప్పినదాన్ని మళ్లీ బిగిస్తాడు. బిగించాక ఒక స్క్రూ మిగులుతుంది.

"ఇదేంది కాకా, మిగిలింది?" అని ఇంటివాళ్లు గుండె పట్టుకుని అడిగితే, ఆయన ఆ స్క్రూను వెలుతురుకు ఎత్తి, ముత్యాన్ని చూసినట్టు చూసేవాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. గిది కంపెనోడు ఎక్స్‌ట్రా ఇచ్చిండు."

జేబులో వేసుకునేవాడు. గలగల.

సారక్క మిక్సీకి ఆయన చేయి తగిలిన నాటి నుంచి మూత నిలవడం మానేసింది. ఆమె పల్లీ చట్నీ తిప్పితే గిన్నెలో కొంత, గోడ మీద కొంత, మిగిలినదంతా కప్పు మీద. ఎల్లేశం ఇంట్లో ఫ్యాను ఎదురు తిరగడం మొదలుపెట్టింది. కింద ఎల్లేశం చెమటలో నానుతుంటే పైన బల్లికి చలి పుట్టింది. ఇక అనసూర్య గోడ గడియారంలో స్క్రూ కాదు, ఏకంగా గంటల ముల్లే మిగిలింది.

"ముల్లు లేకపోతే టైము ఎట్ల తెలుస్తది?" అని అనసూర్య కొట్టినంత పని చేసింది.

"నిమిషాలు గడియారం చెప్తది, గంటలు బాయి సైరను చెప్తది. రెండు రెండు చోట్ల ఎందుకమ్మా?" అన్నాడు లింగమూర్తి. ముల్లు జేబులోకి పోయింది.

ఈ కథలన్నీ సందులో అందరికంటే రంజుగా చెప్పేవాడు విజయేంద్ర. మంథని నుంచి వచ్చి, ఇక్కడి కాలేజీలో చరిత్ర చెబుతూ, లింగమూర్తి పక్కింట్లో అద్దెకుంటున్నాడు. చాయ్ హోటల్లో తాళంచెవుల గుత్తి చొక్కా జేబులో వేసుకుని, భుజం ఒక పక్కకు వంచి, గలగలమంటూ నాలుగడుగులు నడిచేవాడు. తన చొక్కా గుండీ ఒకటి తెంపి వెలుతురుకు ఎత్తి "గిది కంపెనోడు..." అనగానే హోటలంతా పొలమారేది. ఒకసారి లింగమూర్తి సరిగ్గా వెనుక బల్ల మీదే ఉన్నాడు. అందరికంటే పెద్దగా నవ్వింది ఆయనే. "సారూ, భుజం ఇంకొంచెం వంచాలె" అని సలహా కూడా ఇచ్చాడు.

ఇంత నవ్వించే విజయేంద్రకూ సొంతంగా ఒక సిగ్గు ఉండేది. దాని పేరు మామగారు.

వామనరావు మంథనిలో గుడి సేవ చేసే పెద్దమనిషి. ఒకనాడు ఆయన ఎదుటే విజయేంద్ర క్యాలెండరు కోసం గోడకు మేకు కొట్టబోతే, మేకు నిలబడింది, గోడ పెచ్చు ఊడిపడింది. ఆనాటి నుంచి ఏ పెళ్లికి పోయినా, ఏ పేరంటానికి పోయినా ఆయన నోట ఒకటే పరిచయం. "మా సాత్విక పెనిమిటి. శాన చదువుకున్నడు. మేకు కొట్టాల్నంటే మాత్రం మనిషిని పిలిపిస్తం."

ఈ మచ్చ తుడుచుకోవాలని విజయేంద్ర ఎన్నాళ్ల నుంచో చూస్తున్నాడు. దారి మామగారి కారే చూపించింది. తెల్ల కారు, తెల్లటి సీటు కవర్లు. బొగ్గు తవ్వే చోట తిరిగే ఒక కాంట్రాక్టరు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అందులోని స్టీరియో ఎప్పుడో ఒక భజన సీడీని మింగి, తిరిగి ఇవ్వక, ఒకే ముక్కను పట్టుకుని గీరుతూ ఉండేది. విజయేంద్ర గుట్టుగా, భజనల పెన్‌డ్రైవు గుచ్చిన కొత్త స్టీరియో తెప్పించాడు. ఆ రోజు వామనరావు కారు అల్లుడి ఇంటి ముందు వదిలి, పెద్దపల్లిలో ఆఫీసుల ముందు బండి పెట్టడానికి జాగా దొరకదని, కూతురిని వెంటబెట్టుకుని బస్సులో వెళ్లాడు. పొద్దుగూకేలోపు తిరిగొస్తారు. అప్పటికి పాతది తీసి కొత్తది పెట్టాలి. తన చేత్తో, మనిషిని పిలవకుండా.

ఫోనులో వీడియో పెట్టుకున్నాడు. మొదట్లో ఏదో ప్రకటన వస్తుంటే వేలితో ముందుకు జరిపాడు. దానితోపాటు "ముందుగా బ్యాటరీ తీగ తీసేయండి" అన్న మాటా జరిగిపోయింది.

మొదట అంతా పువ్వు విచ్చుకున్నట్టే జరిగింది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం టక్కున ఊడింది. స్క్రూలు తీశాడు. స్టీరియోను రెండు చేతులతో లాగితే పాత పన్ను ఊడినట్టు బయటికొచ్చింది, వెనుక రంగురంగుల తీగలతో. పాత తీగల కొనకున్న ప్లగ్గు కొత్తదానికి పట్టలేదు. ఇంట్లోంచి కత్తెర తెచ్చి తీగలన్నిటినీ కలిపి ఒక్క వేటు వేశాడు.

చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది. కారులో వెలుగుతున్న చిన్న దీపం కన్ను మూసింది.

ఏ తీగ కాలిందో చూద్దామని స్టీరియో ఖాళీ చేసిన గూటిలోకి తల పెట్టాడు. లోపల చీకటి, చీకటి మీద దుమ్ము. గోదావరిఖనిలో పుట్టినవాడెవడూ దుమ్మును ఊదడు, తడిగుడ్డతో అద్దుతాడు. విజయేంద్ర మంథనివాడు. గుండెల నిండా గాలి పీల్చి ఊదాడు.

కాంట్రాక్టరు కాలం నుంచి ఆ గూటిలో నిద్రపోతున్న బొగ్గుపొడి మొత్తం లేచి వచ్చింది. ముఖం మీద, మెడ మీద, మామగారి తెల్లటి సీట్ల మీద నల్లటి మెత్తటి మంచులా కురిసింది. అద్దంలో చూసుకుంటే రెండు కళ్లూ కొన్ని పళ్లూ మాత్రమే తనవిగా కనిపించాయి.

అప్పుడు వినిపించింది, గలగల. తానూ ఏదైనా మంచం కిందికి జరిగితే బాగుండుననిపించింది విజయేంద్రకు.

లింగమూర్తి కారు తలుపు దగ్గర వంగి చూశాడు. నవ్వలేదు.

"ఏ షిఫ్టు దిగి వచ్చినవు సారూ?"

"కాకా..." అన్నాడు విజయేంద్ర.

"బ్యాటరీ తీగ తియ్యలే?"

"లేదు."

"ఇంకా మంచిగైంది. గిప్పుడు తీద్దాం. జరుగు."

"నీకు ఈ స్టీరియో పని తెలుసా కాకా?"

"తెల్వదు. నీకు తెల్వదు, నాకు తెల్వదు. ఇద్దరం కలిస్తె భయమన్న తక్కువైతది."

ఇద్దరూ పాత తీగల కొనలు చెక్కి, రంగుకు రంగు చూసి కొత్త తీగలకు మెలిపెట్టారు. రంగు కలవని చోట లింగమూర్తి కళ్లు మూసుకుని వేలితో ఒకటి ఎంచాడు. ఫ్యూజుల పెట్టె తెరిచి, కాలినది తీసి, అందులోనే విడిగా ఉంచిన కొత్తది గుచ్చాడు. బ్యాటరీ తీగ తిరిగి తగిలించగానే కారు దీపం కన్ను తెరిచింది. కొత్త స్టీరియో మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఏ మీట నొక్కినా అంతే. విసుగొచ్చి లింగమూర్తి హెడ్‌లైట్ల మీట తిప్పాడు. స్టీరియో ఒళ్లంతా వెలిగి భజన ఎత్తుకుంది. లైట్లు ఆపితే భజన ఆగింది. వేస్తే వచ్చింది.

"లైటుకు పోవాల్సిన తీగ దీనికి పోయింది" అన్నాడు లింగమూర్తి. "అయినా పాడుతున్నది గద."

ఫోను మోగింది. సాత్విక. "బస్సు దిగినం. ఆటోల వస్తున్నం. నాన్న ముందుగాల కారే చూస్తడట, ఎండల పెట్టినవేమో అని."

విజయేంద్ర ముఖం బొగ్గు కింద కూడా తెల్లబోయింది. "కాకా, ఇగ నేను మామయ్యకు ముఖం చూపించలేను."

"ఆ మొఖం చూపించకు మరి. పోయి కడుక్కో, జల్ది. సబ్బు రెండుసార్లు పెట్టు. చెవుల ఎనుక మరువకు, మా బాయోళ్లు దొరికిపోయేది ఆడనే."

గడపలో నుంచి తిరిగి చూసిన విజయేంద్ర అక్కడే ఆగిపోయాడు. లింగమూర్తి సీటు మీద పడిన పొడిని అరచేతిలోకి ఊడ్చుకుంటున్నాడు. తలంటుకు ముందు నూనె రాసుకునేవాడిలా నింపాదిగా నుదుటికి, చెంపలకు, మెడకు పూసుకున్నాడు. పక్క అద్దంలోకి వంగాడు. అద్దంలో నల్లటి ముఖం, తెల్లటి నవ్వు.

"మంచిగున్నవు రా లింగమూర్తీ" అన్నాడు అద్దంతో. "శాన దినాలాయె కలిసి."

విజయేంద్ర తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి ఆటో ఆగి ఉంది. వామనరావు గొంతు సందు చివరిదాకా పోతోంది.

"ఎవరయ్య నువ్వు? నా బండిని ఏం జేసినవు? ఆ సీట్లేంది? ఆ ఊడిన చట్రమేంది?"

"కొత్త టేపు పెట్టిన పంతులు గారూ. మీ అల్లుడు మీ కోసం తెప్పిచ్చిండు. మెకానిక్‌ను పిలుద్దామన్నడు. నేనే ఇనలే. బిగిచ్చింది కనవడితె నా చెయ్యి ఆగది."

"మా అల్లుడు చూస్త ఊకున్నడా?"

"వద్దు వద్దని మొత్తుకున్నడు. తానానికి పోయిండు, గా సందు చూసి ఇప్పిన."

విజయేంద్ర వాకిట్లోకి దిగాడు. "మామయ్యా, అసలు ఏమైందంటే..."

గలగల. లింగమూర్తి జేబు పట్టుకుని ఊపుతున్నాడు.

"మామయ్యా, ఆయన కాదు..."

గలగలగల. జేబులో పిడుగులు పడుతున్నట్టు.

"ఆ జేబుల ఏందయ్యా, చెవులు పగులుతున్నయి!" అని కసిరాడు వామనరావు. తరువాత అల్లుడి తడిసిన జుట్టు, సబ్బు వాసన, శుభ్రమైన చేతులు చూశాడు. ముఖం మెత్తబడింది. దగ్గరికొచ్చి, పెళ్లయిన నాటి నుంచి ఎన్నడూ లేనిది, భుజం మీద చేయి వేశాడు.

"చూసినవా సాత్వికా? నీ పెనిమిటి తెలివైనోడు. తనకు చేతకాదని తెలిసి, ముట్టుకోకుండ కూసున్నడు. మనిషికి ఆ తెలివి ఉండాలె. నేనే ఇన్ని దినాలు తక్కువ జేసి మాట్లాడిన."

ఈ మాట కోసం విజయేంద్ర ఎంతగా ఎదురుచూశాడో! తీరా వచ్చేసరికి అది వేరొకరి చెప్పుల్లో కాలు పెట్టినట్టుంది. చెవుల వెనుక కడగడం మరిచిన బొగ్గు ఒకటే తనదనిపించింది. నోరు తెరిచాడు. గలగల. మూశాడు. ఇంకోసారి గలగల కాకముందే తెరవవచ్చు. తెరవలేదు. ఆ సంగతి తనకు తెలుసు.

వామనరావు కారెక్కి మీట నొక్కితే స్టీరియో పలకలేదు.

"లైట్లు వెయ్యుండ్రి పంతులు గారూ" అన్నాడు లింగమూర్తి.

"పట్టపగలు లైట్లేసుకుంట పోవాల్నా?"

"దేవుని పాటకు దీపం పెట్టినట్టుంటది గద."

వామనరావు ఏదో అనబోయి, ఆ మాట కాదనలేక, లైట్లు వేశాడు. భజన మొదలైంది. తలుపు మూస్తుంటే సీటు కింది నుంచి ఒక స్క్రూ జారి లింగమూర్తి కాళ్ల దగ్గర పడింది.

"ఇదేంది?" అన్నాడు వామనరావు.

"కంపెనోడు ఎక్స్‌ట్రా ఇచ్చిండు."

కారు వెలుగుతూ, పాడుతూ, నల్లటి సీట్లతో మంథని దారి పట్టింది. లింగమూర్తి ముఖం కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. గోడ అవతల నుంచి సారక్క తల లేచింది. ఆమె అంతా చూసింది.

"నీది గూడ పడ్డదా సారూ, ఆ జేబుల?"

"ఏది?"

"స్క్రూ. నా మిక్సీ ఇప్పింది ఎవరనుకున్నవు? నేనే. లోపల పల్లి ఇరికిందని ఇప్పితె మల్ల పట్టలే. అది మా అత్త కొన్న మిక్సీ. తెలిస్తె ఇల్లు ఎగిరిపోతుండె. కాక వచ్చి, నేనే చెడగొట్టిన అన్నడు. ఎల్లేశం ఫ్యానూ గంతే, ఇప్పింది ఎల్లేశమే, ఫ్యానేమో వాళ్ల అన్నది. ఆ అనసూర్య గడియారం కాడ మొత్తుకున్నదంతా వాళ్ల మామ ఇనాలెనని."

"మరి హోటల్ల నేను కథలు చెప్తుంటే ఎవరూ ఒక్క మాటన్న చెప్పలేదేంది?"

"ఎవ్వని సిగ్గు వాడు చెప్పుకుంటడా సారూ? నువ్వు చెప్తవా?"

సారక్క తల గోడ కిందికి దిగిపోయింది. ఆ సందులోని నవ్వులన్నీ ఒకరి జేబులో ఇంత బరువుగా పడి ఉన్నాయని విజయేంద్రకు అప్పుడు తెలిసింది. హోటల్లో తాను తెంపిన గుండీ గుర్తొచ్చి చేయి చొక్కా మీదికి పోయింది. అక్కడ ఇంకా దారం వేలాడుతోంది.

మర్నాడు పొద్దున్నే మామగారు ఫోను చేశారు. గొంతు నిండా పండగ. "మంథని దాకా ఎదురొచ్చినోళ్లందరు నాకు చెయ్యెత్తి వేళ్లు ఆడించిన్రు విజయేంద్రా! లారీలోళ్లు గూడ! భజన ఇనవడి దండం పెట్టినట్టున్నరు. ఆ మనిషి బండి ఖరాబు జేసినా, చెయ్యి మాత్రం మంచిది."

లైట్లు ఆపమని వాళ్లు చెబుతున్నారని విజయేంద్ర చెప్పలేకపోయాడు. ఫోను పెట్టేసి నేరుగా పక్కింటికి నడిచాడు. లింగమూర్తి గడప మీద కూర్చుని, సూదీ దారంతో జేబు చిరుగు కుట్టుకుంటున్నాడు.

"కాకా, నాకు తలెత్తబుద్ధి అయితలేదు. మామయ్యకు ఫోను చేసి నిజం చెప్పేస్త."

"ఎందుకు? పంతులు గారికి ఇన్ని దినాలకు ఒక మంచి అల్లుడు దొరికిండు. గుంజుకుంటవా?"

"మరి నువ్వెందుకు తిట్లు పడాలె?"

"బాయిల బొగ్గు మోసే టబ్బు పట్టాలు దిగితె, ఎవడు దింపిండని అడుగుకుంట కూసుంటె ఎనుక టబ్బులన్ని ఆగుతయి సారూ. నేనే దింపిన అంటె అయిపాయె. అందరు కలిసి ఎక్కిస్తరు, పని నడుస్తది. నాకెట్లనో ఆ పేరు ముందుగాలనే ఉండె."

"హోటల్ల నిన్ను ఎన్ని తీర్ల ఆట పట్టిచ్చిన..."

"భుజం సరిగ వంచకపోతివి, గదొక్కటే బాధ."

విజయేంద్రకు నవ్వు వచ్చింది. నవ్వుతుంటే సిగ్గు ఇంకా ఎక్కువైంది. "ఈ సిగ్గు ఎట్ల పోతది కాకా? ఏదన్న చెప్పు, చేస్త."

లింగమూర్తి దారం పళ్లతో కొరికి, కుట్టు లాగి చూసుకున్నాడు. వీధి చివర బాయి సైరను కూసింది. ఆయన ఒక చెవి అటు వేసి, గొంతు తగ్గించాడు.

"గంత సిగ్గయితుంటె జల్ది సందు చివర పూలమ్మ ఇంటికి పో. పొద్దుగాల ఇస్త్రీపెట్టె ఇప్పిందట, మల్ల పట్టలేదట. వాళ్లాయన షిఫ్టు దిగి వస్తుండు. ఈసారి నువ్వు చెప్పు సారూ, నేనే చెడగొట్టిన అని. నా జేబుల ఇగ జాగ లేదు."