బాలానగర్ షెడ్డులో అంటనన్న జిగురు

నిన్న పొద్దున నల్లగండ్లలోని మా వంటింట్లో పప్పుకి పోపు పెడుతుంటే, హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చున్న మా కోడలు ఎవరితోనో గట్టిగా వాదిస్తోంది. ఆమెది రాయదుర్గంలో కార్ల నమూనాలు కంప్యూటర్ మీద గీసే ఉద్యోగం. వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని. మామూలుగా ఆ మాటల్లో నాకు ఒక్క ముక్క అర్థం కాదు. నిన్న మాత్రం ఫైబర్‌గ్లాస్ బానెట్ అనీ, అతికించిన చోట జిగురు ఊడి వచ్చిందనీ వినబడేసరికి నా చేతిలో గరిటె ఆగిపోయింది. మీటింగు అయ్యాక వెళ్లి, అతికించే ముందు ఆ ముక్క మీద నీళ్లు పోసి చూశారా అమ్మా అని అడిగాను. ఆ పిల్ల కళ్లజోడు తీసి నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. పెళ్లయి నాలుగేళ్లయినా, తన అత్తగారు ఒకప్పుడు బళ్లకి బాడీలు అతికించిందని తనకి తెలియదు. చెప్పే సందర్భం ఎప్పుడూ రాలేదు మరి.

మా నాన్నగారు ఉద్యోగం బదిలీ మీద కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చిన కొత్త అది. నేను కెమిస్ట్రీతో బీఎస్సీ పూర్తిచేసి, బ్యాంకు పరీక్షలు రాస్తూ ఇంట్లో ఉండేదాన్ని. మా మేనమామకి బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డు ఉండేది. జీపులకి పైకప్పులు, వ్యానులకి తలుపులు, కార్లకి బానెట్లు అక్కడ ఫైబర్‌గ్లాస్‌తో అచ్చులు పోసి తీసేవారు. ఇంగ్లీషులో ఉత్తరాలు రాసిపెట్టడానికి నన్ను రమ్మన్నారు. రెండు వారాల్లోనే ఉత్తరాల మీదకంటే ఆ డ్రమ్ముల్లోని రసాయనాల మీదే నా ధ్యాసంతా పోయింది. పనంతా నడిపే పెద్దమేస్త్రి మెదక్ వైపు మనిషి, మా నాన్నగారి కంటే పెద్ద. అందరూ కాకా అంటే నేనూ కాకా అనేదాన్ని.

ఒకరోజు పల్లెలు తిరిగి కళ్లు పరీక్షించే డాక్టరమ్మగారు తన వ్యానుకి కొత్త బాడీ కావాలని వచ్చారు. పాతదానికి స్క్రూలు బిగించిన బెజ్జాల్లోంచి వాన నీరు కారి మందులూ కళ్లజోళ్ల పెట్టెలూ పాడయ్యాయట. అందుకని ఒక్క బెజ్జం కూడా ఉండకూడదని ఆవిడ షరతు. పది రోజుల్లో మూడు ఊళ్లలో శిబిరాలు. అప్పటికే ఊళ్లకి కబురు వెళ్లిపోయింది. మామయ్య సరేనన్నారు గానీ, అంతవరకు మా షెడ్డులో స్క్రూ లేకుండా బండి బయటికి వెళ్లిన పాపాన పోలేదు.

కాకా మొదట అచ్చుపోసే రెజిన్‌నే జిగురుగా వాడి పక్క ముక్కలు అతికించాడు. నిలబడ్డ బండి మీద బ్రహ్మాండంగా ఉంది. బయటికి తీసిన మొదటి గుంతలోనే టప్పున విరిగి ముక్క వేలాడింది. ఆ రెజిన్ గాజులాగా గట్టిపడుతుంది; బండి కుదుపుకి ఫైబర్ కొంచెం వంగుతుంది, గాజు వంగదు కదా. అప్పుడు నేను ముందుకొచ్చి, రెండు ముద్దలు కలిపి పూసే ఎపాక్సీ జిగురు వాడదామన్నాను. మామయ్య అనుమానంగానే రెండు డబ్బాలు తెప్పించారు. ఒకదాంట్లో తెల్లటి ముద్ద, రెండోదాంట్లో నల్లటిది. తరాజులో తూచి, చారలు పోయి ఒకే బూడిదరంగు వచ్చేదాకా కలిపి, పూసి, ముక్కలు కదలకుండా పట్టుకునే క్లాంపులు నా బలమంతా పెట్టి బిగించాను.

మర్నాడు క్లాంపులు విప్పి కాకా వేలితో ఇలా తోశాడో లేదో, నెయ్యి రాసిన పళ్లెంలోంచి పాకం అచ్చు లేచినట్టు జిగురంతా శుభ్రంగా ఊడి వచ్చింది. శిబిరానికి ఇంకా నాలుగే రోజులు. నేను డ్రమ్ముల వెనక్కి వెళ్లి ఏడ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ పూట మామయ్య మొహం చూడలేకపోయాను. కాసేపటికి కాకా ఒక చేత్తో చాయ్, ఇంకో చేత్తో నీళ్ల చెంబు పట్టుకొచ్చాడు.

"ఏంది బిడ్డా, గిట్ల పరేషాన్ అయితే ఎట్ల? జర ఇటు రా, ఒకటి చూపిస్త."

ఊడిన ముక్క మీద నీళ్లు పోశాడు. నీరు పరుచుకోకుండా చుక్కలు చుక్కలై జారిపోయింది.

"చూసినవా, నీళ్లే నిలుస్తలేవు. నీ జిగురెట్ల నిలుస్తది?"

అచ్చులోంచి ముక్క తేలిగ్గా ఊడి రావాలని అచ్చుకి మైనం రుద్దుతారు. ఆ మైనం ముక్కకి అంటుకునే ఉంది. నేను దానిమీదే జిగురు పూశాను. మరి నిన్ననే ఎందుకు చెప్పలేదండీ అన్నాను ఉక్రోషంగా.

"నాకు మాత్రం ఏం తెలుసు? ఊడినంక సమజైంది. రోజూ మైనం రుద్దేది నేనే గద."

ఇద్దరం కూర్చుని మళ్లీ మొదలుపెట్టాం. ఎసిటోన్‌తో మైనం తుడిచి, ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా గీకి, మళ్లీ కొత్త గుడ్డతో తుడిచి, నీరు పలచటి పొరలా పరుచుకునేదాకా వదల్లేదు. బాగా ఆరాకే జిగురు ముట్టుకున్నాం. లోతు డబ్బాలో ఉంచితే జిగురు తనంతట తనే వేడెక్కి గడ్డకడుతోందని వెడల్పు పళ్లెంలో కలిపాను. ఎక్కువ బిగిస్తే జిగురంతా బయటికి కారిపోతుందని కాకా మధ్యమధ్య సన్నటి రాగితీగ ముక్కలు పెట్టాడు. ఆ తీగ మందాన జిగురు లోపలే నిలిచింది. క్లాంపులు మెత్తగా బిగించి, పైన ఇసుక మూటలు పెట్టాం. పక్కనే చిన్న ముక్కలు రెండు నమూనాగా అతికించాం.

రెండు రోజుల తరవాత డాక్టరమ్మగారు వచ్చేసరికి కాకా ఉలి నా చేతికిచ్చి ఆ నమూనా విడదీయమన్నాడు. జిగురు ఊడలేదు, ఫైబరే చీలి, పోగులు పైకి లేచాయి. ఆవిడ ఇంకా నమ్మకం కుదరనట్టు చూస్తుంటే, కాకా నిచ్చెన వేసుకుని వ్యాను కప్పు మీదికెక్కి దర్జాగా బాసింపట్టు వేసుకున్నాడు. డాక్టరమ్మగారు తలెత్తి, "దిగండి బాబూ. నాకు కళ్ల వైద్యమే వచ్చు, కాళ్లది రాదు" అన్నారు. షెడ్డంతా ఒకటే నవ్వు.

వ్యాను అనుకున్న రోజుకి వెళ్లింది. ఆ వానాకాలం అయ్యాక డాక్టరమ్మగారే బండి తెచ్చి, తలుపు తీసి, పొడిగా ఉన్న పెట్టెలు మా అందరికీ చూపించారు. కాకా వాటిని ఒక్కొక్కటీ తడిమి చూసి, నావైపు తిరిగి తలూపాడు. తరవాత నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాను. కానీ ఆ తలూపినంత ప్రమోషన్ మళ్లీ ఏ బ్యాంకూ ఇవ్వలేదు.

ఇదంతా విని మా కోడలు బానెట్ చేసేచోటికి ఫోను చేసి, ముక్క మీద నీళ్లు పోసి చూడమంది. ఇప్పుడు నిమిషాల్లో గట్టిపడే జిగుళ్లు వచ్చాయట, యంత్రమే తూచి కలిపి పూస్తుందట. సంతోషమే. కాకపోతే ఏ జిగురు వాడాలో ఎంపిక చేసేవాళ్లు రాయదుర్గంలో, పూసేవాళ్లు ఎక్కడో పుణె దగ్గర; ఏడాదిగా కలిసి పనిచేస్తున్నా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదట. పని ఆగలేదు కదా అత్తయ్యా అంది తను, నిజమే. కాకా పోయి చాలా కాలమైంది, షెడ్డున్న చోట ఇప్పుడు పెద్ద గోదాము. మెట్రోలో ఆ మీదుగా వెళ్లినప్పుడల్లా, ఇవాళ పని చెడి ఎవరైనా ఓ మూల కూర్చుని ఏడిస్తే వెతుక్కుంటూ వచ్చి బిడ్డా అని పిలిచేవాళ్లు ఎవరున్నారా అని మాత్రం అనిపిస్తుంది.