అంచు దాకా రాసిన పేజీలు

విశ్వవిద్యాలయ గ్రంథాలయం వెనక, సైకిళ్ల స్టాండుకీ నీళ్ల ట్యాంకుకీ మధ్య ఇరుక్కున్న పొడవాటి గది అట్టల బాబాయిది. అసలు పేరు హాజరు పట్టీలో ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ముప్పై ఏళ్లుగా అక్కడ ఎవరు పరిశోధన పూర్తిచేసినా, ఆ కాగితాలు బాబాయి చేతిలో కుట్టుపడి, కోతపడి, అట్ట వేయించుకోవాల్సిందే. అప్పటిదాకా అదెంత గొప్ప జ్ఞానమైనా సరే, దారం కట్టిన కాగితాల కట్టే.

ఏమేం వచ్చేవనుకున్నారు! గబ్బిలాల చెవుల మీద ఒకటి, కోర్టు వాయిదాల మీద ఒకటి, గాజు ఎందుకు పగులుతుందని ఒకటి, పసిపిల్లలు మొదట ఏ మాట పలుకుతారని ఒకటి. లోకంలో ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించని సంగతంటూ లేదని బాబాయికి అక్కడే తెలిసింది.

"చెదపురుగు మీద నాలుగొందల పేజీలు రాశావా నాయనా? అది తినడానిక్కూడా అన్ని రోజులు పట్టదు కదా!" అని వచ్చినవాళ్లను ఆటపట్టించేవాడు. వాళ్లూ నవ్వి, అక్కడున్న ముక్కాలి పీట మీద కూర్చుని అరగంట చెప్పుకునేవారు. ప్రయోగశాలల వాళ్లకు నీలం అట్ట, సమాజశాస్త్రాల వాళ్లకు ఎర్ర అట్ట. అది బాబాయికి ముందున్నాయన పెట్టిన పద్ధతి.

పనిలో మాత్రం మహా చాదస్తుడు. కోత యంత్రం కింద పెట్టేముందు ప్రతి పేజీ తిరగేసేవాడు. "బొమ్మ అంచు మీదికి పోయిందేమో చూసుకోవాలి. కత్తి పడ్డాక ఏడిస్తే ఏం లాభం?" అనేవాడు. ఆ కత్తంటే ఆయనకు ప్రాణం. ఎంత మందం కట్టయినా వెన్న కోసినట్టు కోసేది. కోసిన అంచు మీద వేలు పెట్టి చూపించి, "ఒక్క పీచు లేచిందా చెప్పండి?" అని మురిసిపోయేవాడు.

ఆయనకు ఉన్నది ఒక్క చెల్లెలు. అమ్మానాన్నా పోయేసరికి ఆ పిల్లకు ఆరేళ్లు, ఈయనకు ఇరవై. మాటలో, నడకలో ఆ వేగం చూసి పిడుగని పేరు పెట్టాడు. కోత గదిలో మిగిలిన ముక్కలే ఆమెకు నోటుపుస్తకాలు. ఒకటి జానెడు, ఒకటి బెత్తెడు, దొరికినదాన్ని దొరికినట్టు కుట్టి ఇచ్చేవాడు. కాగితం ఎక్కడ అయిపోతుందోనని పిడుగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, చీమ దూరే సందు కూడా లేకుండా రాసేది.

"కాస్త అంచు వదలవే పిచ్చిమొహమా, నా కత్తి తినేస్తుంది!" అని కసిరేవాడు.

"నా పుస్తకాలు నీ కత్తి కిందికెందుకొస్తాయిరా అన్నయ్యా?" అనేది. చిన్నప్పటి నుంచీ అన్నను 'రా' అనే పిలిచేది. ఎన్నిసార్లు మొట్టినా మానలేదు.

ఆ పిడుగు ముప్పై నాలుగేళ్ల వయసులో, చేస్తున్న బడి ఉద్యోగానికి సెలవు పెట్టి పరిశోధనకు చేరింది. నలభై బావులు ఎంచుకుంది. ఏ రోజు ఏ బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తాడు వేసి కొలిచేది. అదే రోజు ఆ బావికి వచ్చే ఆడవాళ్లను, ఎంత దూరం నుంచి వచ్చారు, ఇంట్లో ఏ పని మానుకొని వచ్చారు అని అడిగేది. భూగర్భశాస్త్రం వాళ్లు ఇది మాది కాదన్నారు. సమాజశాస్త్రం వాళ్లు ఆ తాడేమిటన్నారు. చివరికి ఒక ప్రొఫెసరమ్మ నవ్వి, "రా తల్లీ, నా దగ్గర చెయ్యి" అంది.

"ఇంతకీ నీకు ఏ రంగు అట్ట వెయ్యాలే?" అన్నాడు బాబాయి.

"సగం నీలం, సగం ఎరుపు వెయ్యి. నీ చేతులేం అరిగిపోవులే!"

మూడేళ్లు కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగింది. పదకొండు నోటుపుస్తకాలు నిండాయి, అన్నీ అన్నయ్య కుట్టిచ్చినవే. ఇక కూర్చుని రాయడమే అనుకుంటుండగా జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తొమ్మిదో రోజుకు మనిషే లేదు. ఏం చెప్పమంటారు! బాబాయి ఏడవడం కూడా మరిచిపోయి, ఆసుపత్రి వరండాలో ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

రెండు నెలల తర్వాత ప్రొఫెసరమ్మే అట్టల గదికి వచ్చింది. "ఆ పనిని వదిలెయ్యకూడదు. ఇంకో అమ్మాయి పూర్తిచేస్తానంటోంది. పుస్తకం వచ్చినప్పుడు మీ చెల్లెలి పేరే ముందుంటుంది, పూచీ నాది. మొదటి రెండు పుస్తకాలే కంప్యూటర్లోకి ఎక్కాయి. మిగతా తొమ్మిదీ తెచ్చివ్వండి" అంది.

ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్లందరి పేర్లూ బంగారు అక్షరాల్లో అచ్చువేసిన మనిషికి, ఆ ఒక్క పేరూ అలమరలోకి ఎక్కుతుందంటే ఎలా ఉంటుంది? మళ్లీ అన్నం సయించింది. గడ్డం గీసుకున్నాడు. నలిగిన పుస్తకాలు అలాగే ఎలా ఇవ్వడం, పెద్దవాళ్ల చేతుల్లోకి పోయేవి కదా, ఒక్క కట్టుగా కట్టి ఇద్దామనుకున్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు మహానుభావుడు.

తొమ్మిది పుస్తకాలూ కాస్త అటూ ఇటూగా తొమ్మిది కొలతలు. పాత కుట్లు విప్పి, అన్నీ కలిపి కుట్టాడు. లోకంలోని ప్రతివాడి పేజీలూ తిరగేసే మనిషి, ఆ రోజు తిరగెయ్యలేదు. ఆ చేతిరాత కంటపడితే చెయ్యి ఆడదని భయం. కళ్లు పక్కకు తిప్పుకుని కట్టను యంత్రంలో బిగించాడు. అన్నీ సమం కావాలని, అన్నిటికన్నా చిన్న పుస్తకం అంచు కూడా తెగేలా మూడు వైపులా వేలెడు వెడల్పున కోసేశాడు. ఎడమ సగం నీలం, కుడి సగం ఎరుపు పెట్టి అట్ట వేశాడు. శనివారం కదా, గది ఊడ్చి, ముక్కల మూటను కాగితపు మిల్లు బండికి తనే ఎత్తాడు.

సోమవారం తన గదిలో ప్రొఫెసరమ్మ ఆ పుస్తకం అందుకుని, "అబ్బ, ఎంత బాగా చేశారండీ!" అంది. నాలుగు పేజీలు తిప్పింది. ఇంకో నాలుగు. ఆమె మొహంలో రంగు మారింది.

"తేదీలేవి బాబాయిగారూ? బావి నంబరూ తేదీ ప్రతి పేజీ కింది అంచున రాసుకునేది కదా?"

బాబాయి కళ్లజోడు సర్దుకుని చూశాడు. పిడుగు రాత. పద్నాలుగు అడుగులు, పదహారు అడుగులు, పదకొండు. ఎవరో ఒకావిడ పాపను నిద్రపుచ్చి వచ్చానని చెప్పింది. ఏ బావి దగ్గర, ఏ రోజు, అది మాత్రం లేదు. అవి ఉండాల్సిన కింది అంచు నున్నగా ఉంది.

"ఇది లేకుండా చెయ్యలేమా మేడమ్?"

ఆమె చివరి పేజీ దాకా తిప్పి చూసింది. "అంకెలు మిగిలాయి. అవి ఎక్కడివో తెలియకుండా ఎవరూ ఒప్పుకోరండి" అని, తన కుర్చీలోంచి లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఏడ్చాడు బాబాయి, ఆసుపత్రిలో రాని ఏడుపంతా.

మిల్లుకు పరుగెత్తాడు. అక్కడ కాగితమంతా అప్పటికే గుజ్జు. వెనక్కి వచ్చి యంత్రం విప్పి, మూలలన్నీ వెతికాడు. కత్తి వెనక సందులో ఒకే ఒక్క కాగితపు పీలిక దొరికింది, వేలెడు వెడల్పు. దాని మీద పిడుగు రాత: బావి ఏడు, మార్చి పదకొండు.

ఒక్క పేజీ అయినా దక్కుతుందని, ఆ రోజే పుస్తకం తెచ్చుకుని బల్ల ముందు కూర్చున్నాడు. మొదటి పేజీ అంచుకు ఆనించి చూశాడు. రెండోదానికి, మూడోదానికి చూశాడు. కత్తి మొద్దుబారి పీచులు లేచి ఉంటే, ఏ పీచు ఎక్కడిదో పోల్చుకుని ఉండేవాడు. ఒక్క పీచూ లేవలేదు. మూడొందల పన్నెండు పేజీలూ చూశాడు. ఆ ముక్క ప్రతి పేజీకీ సరిగ్గా సరిపోయింది.